అట్ట కోట మీద కాపీరైట్ క్లెయిమ్

పోయిన వేసవి సెలవుల్లో మా గరాజ్‌లో ఓ సినిమా తయారైంది. హీరో నా మేనల్లుడు, పదమూడేళ్ళ వాడు. కోటంతా పార్సిళ్ళ అట్టపెట్టెలే. ఒక బురుజు మీద "ఇటువైపు పైకి" అని చెప్పే బాణం గుర్తు తలకిందులుగా కనబడుతూనే ఉంటుంది. కత్తుల కోసం వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ చుట్టంతా ఖాళీ అయింది. ఓ పెద్ద తెలుగు సినిమాకి ఆరు నిమిషాల పేరడీ అది. రాజుగారు యుద్ధానికి బయల్దేరబోతుంటే రాజమాత అడ్డొచ్చి "హోంవర్క్ అయిందా?" అంటుంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం.

రాత్రి నెట్‌లో పెట్టారు. పావుగంటలో కాపీరైట్ క్లెయిమ్ వచ్చి వీడియో ఆగిపోయింది. వాడు ఫోన్ పట్టుకొచ్చి, "మామయ్యా, మనం దొంగతనం చేశామా?" అన్నాడు. లేదురా అన్నాను. అనేశాక తెలిసింది, నాకూ ఏమీ తెలీదని.

పట్టుబడింది జోకులు కాదు, యుద్ధం సీన్ వెనక పెట్టుకున్న నలభై సెకన్ల పాట. యంత్రం ట్యూన్ కలిసిందా లేదా అని చూస్తుంది, అంతే. ఎందుకు వాడారన్నది దానికి పట్టదు. అమెరికా కాపీరైట్ చట్టం సెక్షన్ 107 మొదట అడిగేదే అది. ఎందుకు వాడారు, ఎలాంటి రచనని, ఎంత మేరకు, దానివల్ల అసలు యజమాని బేరం దెబ్బతింటుందా అని నాలుగూ చూస్తుంది. టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది, అమ్ముకోడానికి చేసిన పేరడీ అయినా ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకపోయినా చెల్లే న్యాయమైన వాడకం, కావచ్చని. 2007లో ఒకావిడ, ప్రిన్స్ అనే గాయకుడి పాటకి చిన్నపిల్లాడు గెంతుతున్న 29 సెకన్ల వీడియో పెడితే యూనివర్సల్ మ్యూజిక్ కంపెనీ తీయించింది. నోటీసు పంపేముందు ఫెయిర్ యూజేమో ఆలోచించి తీరాలని అప్పీల్ కోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది. 29 సెకన్లకి ఎనిమిదేళ్ళు! అంత ఓపిక ఎవరికుంది?

నిజం చెప్పాలంటే మావాడి కేసూ అంత శుభ్రంగా లేదు. మాటలు పేరడీ. పాట మాత్రం ఊపు కోసం పెట్టుకున్నదే, దాన్నేమీ వెక్కిరించలేదు. ఇలాంటివి తేల్చడానికి ప్రతి ఇంట్లో ఓ లాయరుండాలంటే కుదరదు. హక్కుదారులే ముందుగా ఓ కాగితం మీద రాసిపెట్టాలి, ఇంతవరకు పర్లేదు, ఇది దాటితే ఊరుకోం అని.

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష కథల సీరియల్ వాళ్ళు అదే చేశారు. అభిమానులు ఆ కథలతో సొంత సినిమాలు తీసుకుంటుంటే ఏళ్ళ తరబడి చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అక్సనార్ అనే సినిమా కోసం అభిమానుల దగ్గర పది లక్షల డాలర్లకు పైగా పోగయ్యేసరికి, 2015 డిసెంబరులో హక్కుదారులైన సీబీఎస్, పారమౌంట్ కోర్టుకెక్కాయి. అది ఫెయిర్ యూజ్ కాదని 2017 జనవరిలో జడ్జి తేల్చాక రాజీ కుదిరింది. ఈలోగా, 2016లో, నియమాలు బయటపెట్టారు. ఒక భాగం 15 నిమిషాలకు మించకూడదు, కథ మొత్తం రెండు భాగాల్లో అయిపోవాలి, చందాలు 50,000 డాలర్లు దాటకూడదు, నటించినవాళ్ళకి జీతాల్లేవు, చూసేవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు. పిసినారి నియమాలని అభిమానులు తిట్టుకున్నారు. నాకూ ఆ 15 నిమిషాలు మరీ బిగుతుగా అనిపిస్తుంది. అయినా గీత ఎక్కడుందో తెలిసింది కదా.

మన నిర్మాతలు, ఆడియో కంపెనీలు ఆ మాత్రం కాగితం ఎందుకు రాయరు? రిలీజ్ ముందు స్టెప్పులేసి రీల్స్ చెయ్యండని బతిమాలేది వాళ్ళే. హాల్లో ఫోన్‌తో తీసిన దొంగ ప్రింటునీ అట్ట కోటనీ ఒకే గాటన కట్టడం అన్యాయం. పేరడీ మనకేం కొత్త కాదు, జరుక్ శాస్త్రి పెద్దపెద్ద కవులనే వదల్లేదు. భారత చట్టం సెక్షన్ 52లో విమర్శకి చోటుంది గానీ పేరడీ అన్న మాట లేదు. మలయాళ నాటకకర్త తోప్పిల్ భాసి నాటకానికి సివిక్ చంద్రన్ ఎదురు నాటకం రాస్తే, అది విమర్శేనని కేరళ హైకోర్టు 1996లో ఒప్పుకుంది. ఆ దారి ఉంది.

అమెరికాలోని మన తెలుగు సంఘాలకీ ఓ మాట. టిక్కెట్టు పెట్టి, స్పాన్సర్ల బ్యానర్లు కట్టి, సంక్రాంతి ప్రోగ్రామ్ లైవ్ ఇచ్చి, "మేం ఉత్త అభిమానులం" అంటే చెల్లదు. లాభం చూసుకోని, ఎవరికీ పారితోషికం ఇవ్వని, ప్రవేశం ఉచితమైన పాటకచేరీలకి అమెరికా చట్టంలో మినహాయింపుంది. లైవ్ ప్రసారానికి అది వర్తించదు. లైసెన్సు డబ్బు బడ్జెట్లో వేసుకోవాల్సిందే, డెకరేషన్‌కి పెడుతున్నాం కదా.

మావాడు ఆ పాట తీసేశాడు. యుద్ధానికి ఇప్పుడు మా ఆవిడ స్టీలు డబ్బాలు, గరిటెల మోత. ముందుకన్నా ఇదే బావుందని మా అమ్మ అంటుంది. నాకైతే ఆ పాటే బావుండేది.