సవరణ: బురదలోకి దిగిన పాదరసం అక్కడే ఉండిపోదు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి పక్షుల ఊరు తేలినీలాపురానికి వచ్చే పెలికాన్ల గురించి పెట్టిన పోస్టులో, పాదరసం, సీసం లాంటివి అడుగు బురదలోకి దిగిపోతే పక్షులకు భయం లేదని, పై నీళ్లు పరీక్షలో బాగుంటే చాలని రాశాను. అది తప్పు.

గాలి అందని బురదలో కొన్ని బ్యాక్టీరియాలు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీ అనే, ఒంట్లో తేలిగ్గా పేరుకునే విషంగా మారుస్తాయి, అది పురుగుల్లోకి, వాటిని తినే చిన్న చేపల్లోకి, అక్కణ్ణుంచి పెద్ద చేపల్లోకి పోయేకొద్దీ ఎక్కువవుతూ, చివరికి చేపలే తిండిగా బతికే పక్షి ఒంట్లో చేరి నరాలను, గుడ్లను, పిల్లలను దెబ్బతీస్తుంది. సీసం దారి వేరు. అది ఇలా మెట్టుమెట్టుకీ పెరగదు గానీ, బురదలో మేత వెతుక్కునే బాతులు తుపాకీ సీసపు గుళ్లను గులకరాళ్లతో పాటు మింగి చచ్చిపోతాయి.

ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపలు తిన్న జనం జబ్బుపడిన జపాన్ ఊరు మినమాత మీద అక్కడి ప్రభుత్వం ప్రచురించిన వివరాలు చదివాక ఇది రాస్తున్నాను. ఆ ఫ్యాక్టరీ పాదరసం వాడే రసాయన తయారీని 1968లోనే ఆపేసింది, అయినా విషం పట్టిన అడుగు మట్టిని తీసి పూడ్చే పని 1977 నుంచి 1990 దాకా సాగింది!

టెక్కలి వైపు వాళ్లు కొందరు మన చెరువుల్లో పాదరసం ఉందా అని టెన్షన్ పడుతూ అడిగారు, నేను అలా అనలేదు. తంపరలో, అంటే ఇక్కడి చిత్తడి నేలలో, ఎప్పుడు పరీక్ష చేసినా నీళ్లతో పాటు అడుగు మట్టి, చేపలు కూడా చూడాలి. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా పెట్టండి.