పవర్ అంకె చూసి వ్యాన్ కొనకండి, వెనుక తలుపు తీసి చూడండి

డీజిల్ కార్గో వ్యాన్ అనగానే రెండు గొంతులు లేస్తాయి. ఒకటి "పొగ బండి, దాని రోజులు అయిపోయాయి" అంటుంది. రెండోది "పాత డీజిలే నయం, ఈ కొత్తవాటి నిండా సెన్సార్లే, ఒకటి పోతే ఇల్లు గుల్ల" అంటుంది. టన్ను సరుకు మోసే బండిని ఇద్దరూ కారును చూసే కళ్లతోనే చూస్తున్నారు. సూటిగా చెప్తాను. రోజుకు 150 కిలోమీటర్లు దాటి, మోయగల బరువులో సగానికి మించి లోడుతో తిరిగే పనికి కొత్తతరం డీజిల్ వ్యాన్‌ను మించింది ఇప్పటికీ లేదు. పని అలాంటిది కాకపోతే అదే బండి మీ ప్రాణం తోడేస్తుంది. ఈ రెండో మాట దాచి మొదటిది మాత్రమే చెప్పేవాడు బండ్లు అమ్ముకునేవాడు.

ముందు హార్స్‌పవర్ పిచ్చి సంగతి. "ఇంత పెద్ద బండికి 2 లీటర్ల ఇంజినా?" అని నవ్వేవాళ్లు చాలామందే. ఇప్పటి 2 లీటర్ల టర్బో డీజిళ్లలో మంచివి 1500 ఆర్‌పీఎం చుట్టుపక్కలే 400 న్యూటన్ మీటర్ల దాకా టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తాయి. లెక్క వేయండి. 400ని 1500తో గుణించి, కిలోవాట్లలోకి మార్చే అంకె 9549తో భాగిస్తే సుమారు 63 కిలోవాట్లు. ఇప్పుడు మొత్తం 3.5 టన్నుల బండి, 6 శాతం ఎత్తు, గంటకు 60 కిలోమీటర్ల వేగం. ఆ బరువును పైకి లాగడానికే 34 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడి, ఎదురుగాలి, గేర్లలో పోయేది కలిపితే 48 దగ్గర తేలుతుంది. అంటే ఇంజిన్ ఇంకా అరవకముందే ఎత్తు ఎక్కేసి, చేతిలో కొంత మిగుల్చుకుంటుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ అదే 1500 దగ్గర ఇందులో సగం కూడా ఇవ్వదు. గేరు రెండు మెట్లు దించి 4000 దాకా తిప్పాలి. టర్బో పెట్రోలుకు టార్క్ ఉంటుంది, కాదనను. కానీ లోడుతో గంటలకొద్దీ లాగించినప్పుడు అది తాగే ఇంధనం చూస్తే ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది. డీజిల్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కడం, 16 రెట్ల చుట్టూ ఉంటుంది. శక్తిని తగ్గించాలంటే గాలి గొంతు నొక్కే పని లేదు, ఇంధనం తగ్గిస్తే చాలు. లీటరుకు ఉండే శక్తి కూడా పెట్రోలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ. పొదుపు అంతా ఈ మూడింటిలోనే ఉంది, మాయ ఏమీ లేదు.

ఒక లోటు కూడా ఇక్కడే చెప్పాలి. గాలికి అడ్డు లేదు కాబట్టి యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపే శక్తి తక్కువ. లోడుతో దిగుడులో పై గేరులో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే డిస్కులు కాలిపోయి పెడల్ కిందికి దిగుతుంది. దిగడం మొదలుపెట్టక ముందే రెండు గేర్లు దించండి. ఆర్‌పీఎం 3000 దాటినా ఏమీ కాదు. అక్కడ ఇంజిన్ అరిస్తే అరవనివ్వండి.

దూరం సంగతి. 70 లీటర్ల ట్యాంకులో డీజిల్ బరువు 60 కిలోల లోపే. వందకు 10 లీటర్లు తాగినా 700 కిలోమీటర్లు, నింపడానికి ఐదు నిమిషాలు. బ్యాటరీ వ్యాన్‌లో ఆ దూరానికి తగ్గ బ్యాటరీ పెడితే సరుకు మోయాల్సిన బరువులో పెద్ద వాటా అదే తినేస్తుంది. అలాగని బ్యాటరీ బండిని తిట్టే రకం కాదు నేను. రోజుకు 80 కిలోమీటర్లు, ప్రతి రెండు వందల మీటర్లకు ఒక డెలివరీ, రాత్రికి ఒకే చోట పార్కింగ్ అయితే బ్యాటరీ వ్యాన్ కొనుక్కోండి, డీజిల్ జోలికి రావద్దు. ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు వెనుక తలుపు తీయండి. వ్యాన్ విలువ ఇంజిన్‌లో సగం, ఈ పెట్టెలో సగం. కావాల్సిన కొలత మొత్తం వెడల్పు కాదు, చక్రాల గూళ్ల మధ్య వెడల్పు. ఫియట్ డుకాటోలో అది 1422 మిల్లీమీటర్లు. అందుకే సరుకు పేర్చే చెక్క చట్రం, 1200 బై 800 యూరో ప్యాలెట్, అడ్డంగా కూడా పడుతుంది. ముందు చక్రాలతో నడిచే వ్యాన్‌కు కింద వెనుక చక్రాలను తిప్పే కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఉండదు కాబట్టి నేల 55 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. వెనుక చక్రాలతో నడిచేదానికి 70 దాకా పోతుంది. పదిహేను సెంటీమీటర్లు ఒక తేడానా అంటే, రోజుకు ఎనభై పెట్టెలు ఎక్కించి దించేవాడి నడుమును అడగండి. కానీ ఎప్పుడూ నిండు లోడు, తడి మట్టి, ఎత్తు, వెనుక ట్రైలర్ అయితే నేల ఎత్తున్నా సరే, వెనుక చక్రాల బండే తీసుకోండి. బరువంతా వెనక్కి వాలినప్పుడు పట్టు ఉండేది అక్కడే.

బ్రోషర్‌లో 1400 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. లోపల ప్లైవుడ్ పలకలు, ఇనుప రాకులు, పైన నిచ్చెన స్టాండు, టూల్ పెట్టెలు, పక్కన సహాయకుడు. సరుకు ఎక్కకముందే 300 కిలోలు ఖర్చు. అందుకే బండిని తయారు చేయించాక ఫుల్ ట్యాంకుతో, మనుషులతో కాటా మీద పెట్టి తూచండి. మొత్తం ఒకసారి, ముందు యాక్సిల్ ఒకసారి, వెనుక యాక్సిల్ ఒకసారి. మొత్తం బరువు హద్దులో ఉండి వెనుక యాక్సిల్ హద్దు దాటడం చాలా మామూలు విషయం, చాలామందికి తెలియనిది కూడా అదే. చక్రాల మధ్య దూరం 3.6 మీటర్లు అనుకుందాం. వెనుక యాక్సిల్‌కు 90 సెంటీమీటర్లు అవతల, తలుపు దగ్గర, 200 కిలోల జనరేటర్ పెట్టారు. వెనుక యాక్సిల్ మీద పడేది 200 కాదు, 250. ఆ అదనపు 50 ముందు యాక్సిల్ నుంచి లేచిపోయింది. ముందు చక్రాల బండి అయితే తడి రోడ్డు మీద స్టీరింగ్ తేలికైపోయిందని డ్రైవర్ అనేది ఇందుకే. దించడం సులువని బరువైనదాన్ని తలుపు దగ్గర పెట్టే అలవాటు మానాలి. దాని చోటు డ్రైవర్ వెనుక గోడకు ఆనుకుని, నేల మీద.

కట్టడం గురించి ఒక్క మాట. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195 ప్రకారం సరుకు ముందుకు జరగకుండా దాని బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలాన్ని ఆపగలగాలి. 500 కిలోల యంత్రం అంటే ముందుకు 400 కిలోల తోపు. రాట్చెట్ బెల్టు ట్యాగు మీద ఎల్‌సీ, ఎస్‌టీఎఫ్ అని రెండు అంకెలుంటాయి. సరుకు పై నుంచి బెల్టు వేసి బిగించినప్పుడు పని చేసేది పెద్ద అంకె ఎల్‌సీ, అంటే బెల్టు తట్టుకోగల లాగుడు, కాదు, చిన్నది ఎస్‌టీఎఫ్. చేత్తో బిగిస్తే పుట్టే పట్టు అంతే. కింద రబ్బరు మ్యాట్ వేస్తే సగం పని అదే చేస్తుంది. టైర్లు సరుకు బండ్ల "సీ" గుర్తువే ఉండాలి. గాలి లోడును బట్టి 65 నుంచి 75 పీఎస్‌ఐ దాకా అడుగుతాయి. కారు అలవాటుతో 35 కొట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ టైరు పక్క గోడ వేడెక్కి పేలుతుంది.

ఇక అందరూ తిట్టే డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో పొగ మసిని పట్టే జల్లెడ అది. మసి నిండాక ఇంజిన్ కంప్యూటర్ కొంచెం అదనపు డీజిల్ వేసి, జల్లెడను 600 డిగ్రీల చుట్టూ వేడెక్కించి, ఆ మసిని కాల్చేస్తుంది. దానికి పది నుంచి ఇరవై నిమిషాలు బండి నడుస్తూ ఉండాలి. గుర్తులు కనిపిస్తాయి: ఐడిల్ కొంచెం పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది, వేడి వాసన వస్తుంది, మైలేజీ మీటరు ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ సమయంలో తాళం తీసేస్తే పని సగంలో ఆగుతుంది. చాలా బండ్లలో ఆ అదనపు డీజిల్ సిలిండర్‌లోకే ఆలస్యంగా చిమ్ముతారు, కాబట్టి కాలనిది గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి, అది డీజిల్. పల్చబడిన ఆయిల్‌తో టర్బో బేరింగు, క్రాంకు బేరింగులు అరుగుతాయి. గరిష్ఠ గీత దాటితే వెంటనే మార్చేయాలి. రెండు వందల మీటర్ల డెలివరీలకు డీజిల్ వద్దన్నది ఇందుకే. ఆ పనిలో జల్లెడ ఎప్పటికీ సరిగ్గా కాలదు.

దూరం తిరిగే బండిలో కూడా డీపీఎఫ్ మాటిమాటికీ మూసుకుపోతుంటే తప్పు జల్లెడది కాదు. ముందు ఇంజిన్ వేడిని అదుపు చేసే వాల్వు, థర్మోస్టాట్, చూడండి. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ 65, 70 డిగ్రీల దగ్గరే తిరుగుతుంటుంది. కంప్యూటర్ "ఇంకా చల్లగా ఉంది" అనుకుని కాల్చడం మొదలే పెట్టదు. తర్వాత గ్లో ప్లగ్గులు. వెచ్చని చోట స్టార్టింగ్‌కు వాటి అవసరం రాదు కాబట్టి పోయినా తెలియదు, కానీ చాలా ఇంజిన్లలో వాటి ఫాల్టు ఉంటే రీజనరేషన్, అంటే ఈ మసి కాల్చే పని, ఆగిపోతుంది. ఆ తర్వాత జల్లెడకు ముందూ వెనుకా పీడనం చూసే సెన్సార్ రబ్బరు గొట్టాలు. చీలితే తప్పుడు లెక్క చెప్తాయి. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు చిన్న పగులు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకునే ఉండిపోవడం కూడా మసిని పెంచుతాయి. ఈ చిన్న సామాన్లు చూడకుండా జల్లెడను కోసి పారేయించేవాళ్లను చూస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపడం గుర్తొస్తుంది. కోసేశాక నల్లటి పొగ ఊరందరి ఊపిరితిత్తుల్లోకి, అసలు జబ్బు బండిలోనే.

ఒకటి మాత్రం నిజం. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద వచ్చేది ఇంజిన్ ఆయిల్ నుంచి. అందుకే బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్, డబ్బా మీద యూరప్ ఆయిల్ ప్రమాణం ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తు ఉండి బండి పుస్తకంలో రాసినదే పోయాలి. మెకానిక్ దగ్గర డ్రమ్ములో ఉన్నదేదో పోయించుకుంటే లక్షా యాభై వేల కిలోమీటర్లకే జల్లెడ నిండుతుంది. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. డీజిల్ కలిసిన ఆయిల్ ఆ బెల్టును ఊడదీసి, పీచులు ఆయిల్ పంపు జల్లెడలో ఇరికిస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజిన్ మొత్తం పోతుంది. అలాంటి ఇంజిన్ అయితే పుస్తకంలో చెప్పిన గడువుకు ముందే ఆయిల్ మార్చండి, మరో ఆలోచన వద్దు.

యూరియా ద్రావణం, అదే ఆడ్‌బ్లూ, పెద్ద బ్రహ్మపదార్థం కాదు. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటిగా మారుస్తుంది. డీజిల్ వాడకంలో సుమారు 3 నుంచి 6 శాతం ఖర్చవుతుంది. ఎండలో డబ్బాలు నిలవ పెట్టకండి: 30 డిగ్రీల లోపు ఏడాది ఆగుతుంది, 35కు చేరితే ఆరు నెలలే. పొలం యూరియా కుళాయి నీళ్లలో కలిపి పోసే తెలివి ఎవరైనా నేర్పిస్తే వినొద్దు. అందులోని ఖనిజాలు ఈ మార్పు జరిగే భాగాన్ని, అంటే క్యాటలిస్టును, చంపేస్తాయి. మీటరులో ఆడ్‌బ్లూ లెక్క సున్నాకు వచ్చాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, అది ఫాల్టు కాదు, అలాగే చేశారు. ఇక దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకండి. తాళం తిప్పగానే ట్యాంకు పంపు దాన్ని ముందుకు తోసేస్తుంది, గట్టిపడిన తెల్లటి పలుకులు ఇంజెక్టర్ల దాకా పోతాయి. పెట్రోల్ పోసినా ఇదే నియమం.

ఎందుకంటే ఇంజెక్టర్లకు డీజిల్ తోసే కామన్ రైల్ పంపు 2000 బార్ దాకా ఒత్తిడి పుట్టిస్తుంది, దానికి జారుడు ఇచ్చేది డీజిలే. నీళ్లు, పెట్రోల్ చేరితే లోహం లోహాన్ని గీకుతుంది, ఆ మెరుపు పొడి కామన్ రైల్ గొట్టం, ఇంజెక్టర్లు, ట్యాంకు అంతా పాకుతుంది. అప్పుడు ఒక్క సామాను మారిస్తే సరిపోదు. దీనికి కాపలా ఉన్నది ఒక్క ఫిల్టరు. నీళ్ల లైటు వెలిగితే ఇంజిన్ ఆపి, కింద గిన్నె పెట్టి, ఫిల్టర్ అడుగు మర ఒకటి రెండు చుట్లు విప్పండి. శుభ్రమైన డీజిల్ కనిపించేదాకా, మామూలుగా ఒకటి రెండు వందల మిల్లీలీటర్లు, వదలండి. బిగించాక సెల్ఫ్ కొడుతూ కూర్చోకండి. ట్యాంకులో కరెంటు పంపు ఉన్న బండి అయితే తాళం ఆన్ చేసి పది సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, మూడు నాలుగు సార్లు. గాలి పోతుంది.

నడపడంలో రెండు పొరపాట్లు. టాప్ గేరులో 1100 ఆర్‌పీఎం దగ్గర లోడుతో తొక్కడం పొదుపు కాదు. ఆ దడ ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ స్ప్రింగులను విరుస్తుంది, మసీ పెంచుతుంది. రెండోది వేగం. ఎత్తు పైకప్పు వ్యాన్ గాలిలో గోడ లాంటిది. 90 నుంచి 120కి వెళ్తే గాలి అడ్డు 1.8 రెట్లవుతుంది. మైలేజీ రాలేదని కంపెనీని తిట్టే ముందు పైన ఖాళీ స్టాండు దించి, 95 దగ్గర ఒక ట్యాంకు నడిపి చూడండి.

పాత వ్యాన్ కొనేటప్పుడు కిలోమీటర్ల అంకెను పక్కనపెట్టండి. స్కానర్ పెట్టించి ఇంజిన్ గంటలు చదివించి, కిలోమీటర్లను గంటలతో భాగించండి. సగటు 50 దాటితే హైవే బండి. సర్వీసు కాగితాలు సరిగ్గా ఉంటే మూడు లక్షలు తిరిగినా చూడొచ్చు. 20 లోపు ఉంటే లక్ష కూడా తిరగకపోయినా, పెయింటు అద్దంలా మెరుస్తున్నా, వదిలేసి రండి. ఆ డీపీఎఫ్, ఈజీఆర్ ఏ స్థితిలో ఉన్నాయో అమ్మేవాడికి బాగా తెలుసు.