ఐదు పౌండ్ల నోటు వెంట

సీరియల్ కిల్లర్ కోసం పోలీసులు గాలించే నవల చేతికొస్తే నేను కింద పెట్టలేను. ఇంకొక్క అధ్యాయం, ఇంకొక్కటి అనుకుంటూ తెల్లారగట్ల దాకా లాగేస్తాను. ఏళ్ల తరబడి చదివాక నాకు అర్థమైంది, నేను ఎదురుచూసేది ఒకే ఒక్క ఘట్టం కోసమని. ఎవరో ఒక ఎస్సై పాత ఫైలు దుమ్ము దులిపి, పక్క స్టేషన్ ఫైలు పక్కన పెట్టి చదివి, "సార్, ఈ రెండూ ఒకడి పనే" అంటాడు చూడండి, అదిగో అక్కడ నా నిద్ర ఎగిరిపోతుంది.

అద్దె పుస్తకాల షాపుల కాలంలో మనకు డిటెక్టివ్ అంటే ప్రైవేటు మనిషి. అసిస్టెంటును వెంటేసుకుని వెళ్లి కేసు తేల్చేసేవాడు. ఇన్‌స్పెక్టరు ఆఖరి పేజీల్లో జీపు దిగి బేడీలు వేసేవాడు. పోలీసు నవల వేరు. అందులో పై అధికారి కేకలు, ప్రెస్ మీట్ టెన్షన్, చాలీచాలని సిబ్బంది, ఇంటింటికీ వెళ్లి అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడం ఉంటాయి. మంచి రచయిత ఆ విసుగులోంచే ఉత్కంఠ పుట్టిస్తాడు.

ఇంగ్లండులో 'యార్క్‌షైర్ రిప్పర్' అని పేరుపడ్డ హంతకుడి కేసు గురించి తెలుసుకున్నాక ఈ నవలలు చదివే తీరే మారిపోయింది నాకు. పీటర్ సట్‌క్లిఫ్ అనే లారీ డ్రైవరు 1975 నుంచి 1980 వరకు 13 మంది మహిళలను చంపాడు. 1977లో మాంచెస్టరులో చనిపోయిన ఒకామె హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో కొత్త ఐదు పౌండ్ల నోటు దొరికింది. నంబరు పట్టుకుని వెళ్తే అది ఏ బ్యాంకు నుంచి ఏయే కంపెనీల జీతాల కవర్లలోకి వెళ్లి ఉంటుందో తేలింది. పోలీసులు వేల మందిని అడిగారు. వాళ్లలో సట్‌క్లిఫ్ కూడా ఉన్నాడు. అడిగారు, రాసుకున్నారు, వెళ్లిపోయారు. మొత్తం దర్యాప్తులో అతన్ని 9 సార్లు ప్రశ్నించారు.

మరెందుకు దొరకలేదు? లీడ్స్ పోలీస్ స్టేషన్లో సమాచారమంతా చేత్తో రాసిన కార్డుల మీదే ఉండేది. ఆ కాగితాల బరువుకు గది నేలకే దన్ను కట్టాల్సి వచ్చింది. ఒక కార్డులో ఉన్నది ఇంకో కార్డు చూసేవాడికి తెలియదు. దానికి తోడు 1979లో ఎవడో "నేనే రిప్పర్‌ని" అంటూ టేపు పంపాడు. దర్యాప్తు పెద్దలు ఆ గొంతును, అందులోని యాసను నమ్మేశారు. ఆ యాస లేనివాళ్ల మీద అనుమానం సడలింది. సట్‌క్లిఫ్‌ది ఆ యాస కాదు. టేపు వచ్చాక ఇంకో ముగ్గురు చనిపోయారు. టేపు పంపినవాణ్ని డీఎన్ఏ పట్టించింది, 2006లో శిక్ష పడింది.

చివరికి సట్‌క్లిఫ్ దొరికింది 1981 జనవరి 2న, షెఫీల్డులో మామూలు గస్తీలో. కారుకు దొంగ నంబరు ప్లేటు. స్టేషనుకు తీసుకెళ్లేముందు మూత్రానికి వెళ్తానని పక్కకు వెళ్లాడు. పట్టుకున్న సార్జెంటుకు అది మర్నాడు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి వెతికితే ఆయిల్ ట్యాంకు వెనక సుత్తి, కత్తి కనిపించాయి. అన్నేళ్ల వేటను ముగించింది, డ్యూటీ అయిపోయాక కూడా ఒక మనిషి మనసులో మిగిలిన ఆ చిన్న అనుమానమే.

అందుకే హంతకుణ్ని మహా మేధావిగా చూపించే నవలలంటే నాకు కోపం. వాడు పద్యాల్లో పజిల్స్ పంపుతాడు, పోలీసులకంటే పది అడుగులు ముందుంటాడు. నిజంలో అంత తెలివి అక్కర్లేదు. చచ్చిపోయినవాళ్ల గురించి ఎవరూ గట్టిగా అడగకపోతే చాలు. యార్క్‌షైరులో 1977లో 16 ఏళ్ల షాపు ఉద్యోగిని చనిపోయాక గానీ "అమాయకురాలు" అనే మాట రాలేదు. వేశ్యలని ముద్ర వేసిన అంతకుముందు చనిపోయినవాళ్లు అమాయకులు కారన్నట్టు! బాధితుల గురించి వాడిన భాషకు అక్కడి పోలీసులు 2020లో క్షమాపణ చెప్పారు.

దూరం పోనక్కర్లేదు. కర్ణాటకలో 'సైనైడ్' మోహన్ 2003 నుంచి 2009 వరకు 20 మంది యువతులను చంపాడు. పెళ్లి మాట చెప్పి తీసుకెళ్లి, గర్భం రాకుండా మాత్ర అని సైనైడ్ ఇచ్చేవాడు. శవాలు వేర్వేరు ఊళ్ల బస్టాండు టాయిలెట్లలో దొరికేవి. ఒక్కో ఊళ్లో ఒక్కో అసహజ మరణం కేసు, అంతే. 2009లో ఒకమ్మాయి కనిపించకుండా పోతే ఊరంతా కదిలింది. అప్పుడు కాల్ లిస్టులు తీస్తే ఒక తప్పిపోయిన అమ్మాయి నంబరు ఇంకో తప్పిపోయిన అమ్మాయి దగ్గరికి దారి తీసింది.

మన తెలంగాణలోని హాజీపూర్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న 14 ఏళ్ల పాప పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. ఆ తర్వాతే అంతకుముందు కనిపించకుండా పోయిన మరో ఇద్దరు ఆడపిల్లల జాడ బావుల్లోనే తేలింది. వాళ్లలో ఒక పాప మాయమైంది 2015లో. నాలుగేళ్లు! ఆ నాలుగేళ్లూ ఆ ఇంట్లోవాళ్లు గుమ్మం వైపు ఎన్నిసార్లు చూసి ఉంటారో.

కొత్త నవల కొనే ముందు నేనిప్పుడు మొదటి పాతిక పేజీలు తిరగేస్తాను. చనిపోయిన అమ్మాయికి ఒక పేరుందా, పనుందా, ఇంకా రాలేదేమని ఫోన్ చేసే మనిషి ఉన్నారా అని చూస్తాను. గాయాల లెక్క తప్ప ఇంకేమీ కనిపించకపోతే తిరిగి అరలో పెట్టేస్తాను.