పులి ముందున్న అగడ్త గారికి

మహారాజశ్రీ జూపార్క్ అగడ్త గారికి, టికెట్టు కొన్న ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం పులి దర్శనానికి సకుటుంబంగా వచ్చాం. దక్కింది మీ దర్శనం. పులి ఉందనడానికి దొరికిన ఏకైక ఆధారం పొద వెనక ఒక చెవి. అది చెవా, ఎండుటాకా అని ఇంట్లో ఇంకా తగాదా నడుస్తోంది. పక్కాయన ఈల వేశాడు. మా బావమరిది గాండ్రించాడు. చెవి కదిలిందన్నాడు. గాలికి నా చొక్కా కూడా కదిలింది.

దీనికంతటికీ మూలపురుషుడు జర్మనీ హేగెన్‌బెక్. 1907లో హాంబర్గ్ దగ్గర జూ పెట్టి, ఊచల బదులు కందకాలు తవ్వించి, సింహాలు ఆరుబయట తిరుగుతున్నట్టే చూపించాడు. అదే మహానుభావుడు అంతకు ముప్పై ఏళ్ళ ముందే ఐరోపా ఉత్తర కొసన ఉండే సామీ తెగ కుటుంబాలను రెయిన్‌డీర్లతో సహా రప్పించి, టికెట్టు పెట్టి జనానికి చూపించాడు. వాళ్ళకి అగడ్త అక్కర్లేకపోయింది లెండి. ఆ కందకాల విద్యే 1963లో తెరిచిన మన హైదరాబాద్ బహదూర్‌పురా జూకీ వచ్చింది. మీర్ ఆలం చెరువు పక్కన, 380 ఎకరాల్లో.

పులి ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి మిమ్మల్ని తవ్వుతారు. ఆ లెక్క పులికీ తెలుసు. మాకే కనపడదు, అదే మీ గొప్ప. ఊచలుంటే పిల్లలు "దీన్నెందుకు జైల్లో పెట్టారు నాన్నా?" అని ప్రాణం తీసేవాళ్ళు. ఇప్పుడా గొడవ లేదు. "ఎంత హాయిగా తిరుగుతోందో!" అని మా ఆవిడ మురిసిపోయింది. అరగంటకి, ఆ తిరిగేదేదో కనపడలేదని టికెట్టు డబ్బులు వాపసు అడగమంది.

ఇదే ఊళ్ళో మీ పెద్దన్న, గోల్కొండ కోట అగడ్త, ఔరంగజేబు సేనని నెలల తరబడి నిలబెట్టాడు. 1687లో లోపలివాడే తలుపు తీశాడు గానీ, ఆయన వల్ల లోపం లేదు. అయినా ఆయన కాపలా ఒకవైపే. మీకు రెండు వైపులా. 2016లో ఒకాయన మందు మీద సింహంతో చెయ్యి కలుపుతానని మీ తోబుట్టువులో దూకేశాడు. సింహం మాత్రం అంత చనువు తీసుకోలేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాం. ఈలోగా పులి లేస్తే ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
గోడకి ఇవతలివాడు

తా.క. ఫొటో పెద్దది చేసి చూశాం. ఎండుటాకే.