మొక్కకు నరాలున్నాయనే ముందు కాల్షియాన్ని సరిగ్గా కొలవాలి

గొంగళిపురుగు ఆకును కొరుకుతుంటే దూరాన ఉన్న ఆకులు కూడా వెలిగే వీడియో 2018లో చాలామందిని ఆకట్టుకుంది. ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై చేసిన ఆ పరిశోధన ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ వెలుగు కణాల్లో కాల్షియం పెరిగినప్పుడు మెరిసే ప్రొటీన్‌ది, ఆ కాల్షియాన్ని రేపింది గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం. మన మెదడులోని నాడీకణాలూ గ్లుటమేట్‌తోనే సంకేతాలు పంపుకుంటాయి కనుక ‘మొక్కలకూ నరాలున్నాయి’ అన్న ప్రచారం మొదలైంది. ప్రయోగం గట్టిదే, ఆ ముగింపే నిలవదు.

వేగమే చూడండి. మొక్కలో ఆ కాల్షియం అల సెకనుకు సుమారు 1 మిల్లీమీటరు కదిలింది. మైలిన్ అనే కొవ్వు తొడుగున్న నాడీతంతువుల్లో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. గాయం దగ్గర విడుదలైన అమైనో ఆమ్లాలు నాళాల్లోని ద్రవంతో పాటు కొట్టుకుపోతూ ఈ అలను పుట్టిస్తాయని 2022లో మరో పరిశోధన చూపింది. పైగా జంతుకణాల్లో కాల్షియం నిల్వల తలుపు తీసే ఐపీ3 గ్రాహకం పుష్పించే మొక్కల్లో కనిపించదు. అయాన్ ఒకటే, దాన్ని వాడుకునే యంత్రాంగం వేరు.

అసలు చిక్కు కొలతలో ఉంది. విశ్రాంతిలో ఉన్న కణద్రవ్యంలో కాల్షియం దాదాపు 100 నానోమోలార్. జంతుకణం బయట అది 1 మిల్లీమోలార్ పైనే, అంటే పదివేల రెట్లు. జంతుకణాల్లో దీన్ని కొలవడానికి 1985 నాటి ఫ్యూరా-2 అనే మెరిసే రంగు నేటికీ పనికొస్తుంది. కణంలోకి దూరగలిగే దాని ఏఎం ఎస్టర్ రూపాన్ని 1 నుంచి 5 మైక్రోమోలార్ మోతాదులో కణాలపై అరగంట ఉంచి, కడిగి, ఎస్టర్ తెగడానికి మరో అరగంట ఆగుతారు. ఆపై 340, 380 నానోమీటర్ల కాంతిని మార్చి మార్చి వేసి, 510 దగ్గర వచ్చే వెలుగుల నిష్పత్తి తీస్తారు. రంగు ఎక్కువైతే అదే కాల్షియాన్ని పట్టేసుకుని అలను చదును చేస్తుంది.

ఇదే పద్ధతి మొక్కలో బెడిసికొడుతుంది. కణకవచంలోని ఎస్టరేజ్‌లు, అంటే ఎస్టర్‌ను తెంచే ఎంజైములు, రంగును బయటే కోసేస్తాయి. లోపలికి చేరిన కాస్తా రిక్తిక అనే నిల్వ సంచిలోకి పోతుంది. అందుకే జన్యువు ద్వారా చొప్పించే, కాల్షియం తగిలితే మెరిసే జీక్యాంప్ వంటి ప్రొటీన్లు వాడతారు. వాటితోనూ జాగ్రత్త అవసరం. వాటిని వెలిగించే నీలికాంతి మొక్కలోని ఫోటోట్రోపిన్‌లు అనే కాంతి గ్రాహకాలను తట్టి తానే కాల్షియాన్ని పెంచగలదు. ఆమ్లత పెరిగితే జీక్యాంప్ వెలుగు తగ్గుతుంది, గాయమైన కణంలో పీహెచ్ కూడా మారుతుంది. పక్కనే పీహెచ్ సెన్సర్ పెట్టకుండా గీసిన గ్రాఫు కాల్షియందో, ఆమ్లతదో తేలదు. కాల్షియం తగిలితే తానే వెలిగే, కాంతి వేయనక్కర్లేని ఈక్వోరిన్ అనే ప్రొటీన్ ఈ రెండు బాధల్లో మొదటిదాన్ని తప్పిస్తుంది. అయితే ఒకసారి వెలిగిన అణువు ఖర్చయిపోతుంది కాబట్టి, చివర్లో అధిక కాల్షియం పోసి మిగిలినదంతా వెలిగించి లెక్క సరిచేయాలి.

కాల్షియం లోపలికి వచ్చే దారులైన ఛానళ్లను మూయడానికి వేసే లాంథనం అనే లోహపు అయాన్, పోషక మాధ్యమంలోని ఫాస్ఫేట్‌తో కలిసి అవక్షేపంగా దిగిపోతుంది. అప్పుడు ‘మందు పనిచేయలేదు’ అని రాయడం అన్యాయం, అక్కడ మందే లేదు. కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ అనే రసాయనం బయటి కాల్షియంతో పాటు కణకవచంలోని పెక్టిన్ అనే జిగురును పట్టి ఉంచే కాల్షియాన్నీ లాగేస్తుంది.

నా దృష్టిలో తరచూ విస్మరణకు గురయ్యేది అతి సులువైన పోలిక ప్రయోగం. స్పర్శకూ చలికీ మొక్క కణాల్లో కాల్షియం పెరుగుతుందని ఈక్వోరిన్ చొప్పించిన పొగాకు మొక్కలు 1991లోనే చూపాయి. కాబట్టి గ్లుటమేట్ చుక్క వేసే ప్రతిచోటా, అంతే పరిమాణంలో, అదే ఉష్ణోగ్రతలో, అదే పీహెచ్‌లో గ్లుటమేట్ లేని ద్రావణం చుక్క కూడా వేసి చూపాలి. ఆ గ్రాఫు లేని వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలి.