అపార్ట్‌మెంట్‌కి సోలార్ దండగ అంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "సోలార్ సొంతిళ్లవాళ్లకే. అపార్ట్‌మెంట్లకు సబ్సిడీ రాదు. ఇరవై ఫ్లాట్లకు ఒక్క టెర్రస్ ఏం సరిపోతుంది? అయినా టెర్రస్ పైఫ్లోర్ వాళ్లది. కరెంటు పోతే సోలారూ పోతుంది. ఐదేళ్లకు ప్యానెళ్లు తుక్కు." జనరల్ బాడీ మీటింగ్‌కి ముందు ఎవరో ఒకరు దీన్ని పెడతారు. అంతే, అజెండాలోంచి సోలార్ మాట ఎగిరిపోతుంది. మా అసోసియేషన్‌లోనూ అదే జరిగింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

సబ్సిడీ రాదన్నది పచ్చి అబద్ధం. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో సొంతింటికి గరిష్ఠంగా 78,000 రూపాయలు ఇస్తారు. హౌసింగ్ సొసైటీలకు, రెసిడెంట్ వెల్ఫేర్ అసోసియేషన్లకు కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 చొప్పున, 500 కిలోవాట్ల వరకు ఇస్తారు. సొంతింటివాళ్లకంటే తక్కువే, నిజమే. కానీ తక్కువ రావడం వేరు, రాకపోవడం వేరు.

టెర్రస్ చాలదనే మాట దగ్గర ప్రశ్నే తప్పు. ఇరవై ఇళ్లలో ఏసీలన్నీ నడపాలంటే చాలదు, ఒప్పుకుంటాను. మనం అడగాల్సింది కామన్ మీటర్ గురించి: లిఫ్టు, బోరు మోటారు, సంపు మోటారు, కారిడార్ లైట్లు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. అంటే 10 కిలోవాట్లకు 1,000 అడుగులు, నెలకు దాదాపు 1,200 యూనిట్లు. వాటర్ ట్యాంకులు, లిఫ్టు రూము, మెట్లగది పోగా ఐదంతస్తుల బిల్డింగు మీద ఆ మాత్రం చోటు సాధారణంగా మిగులుతుంది. ఖర్చు 5,50,000 అనుకుందాం. సబ్సిడీ 1,80,000 పోతే 3,70,000, ఫ్లాటుకు 18,500. యూనిట్ 7 రూపాయలు పడుతుందనుకుంటే ఏడాదికి మిగిలేది లక్ష. నాలుగేళ్లలోపే పెట్టుబడి తిరిగొస్తుంది. మీ బిల్లులో ఉన్న రేటు పెట్టి మీరే లెక్క కట్టుకోండి. పగలు మిగిలిన కరెంటు నెట్ మీటర్ (ఇచ్చిన, తీసుకున్న యూనిట్లు రెండూ లెక్కపెట్టే మీటరు) ద్వారా గ్రిడ్‌లోకి, అంటే కరెంటు సంస్థ లైన్లలోకి వెళ్లి, రాత్రి లిఫ్టు వాడకానికి సర్దుబాటవుతుంది. అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టొద్దు, మిగులు యూనిట్లకు వచ్చే ధర తక్కువ.

ఇక టెర్రస్ ఎవరిదన్న గొడవ. అందరిదీ. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. సోలార్ లాంటి ఏర్పాట్లను కూడా ఉమ్మడి సదుపాయాల్లోనే చెప్పింది. అయితే చట్టం చూపించి పైఫ్లోర్ వాళ్ల నోరు మూయించడం నాకు నచ్చదు. వాళ్ల భయం ఉత్తదేం కాదు. స్లాబుకు డ్రిల్లింగ్ చేసి బోల్టులు బిగిస్తే, వానాకాలం వచ్చేసరికి బెడ్‌రూమ్ సీలింగ్ మీద తేమ మరకలు చూసేది వాళ్లే. ముందు వాటర్‌ఫ్రూఫింగ్ చేయించండి. స్లాబుకు రంధ్రం పడకుండా సిమెంటు దిమ్మెల మీద స్టాండ్లు నిలబెట్టమనండి, గాలివానకు లేవకుండా దిమ్మెల బరువు ఎంతుండాలో ఇంజనీరు చేత లెక్క కట్టించండి. లీకేజీ వస్తే బాగు చేయించే ఖర్చు అసోసియేషన్‌దేనని తీర్మానంలో రాసివ్వండి. ప్యానెళ్ల నీడ వల్ల వేసవిలో వాళ్ల గదుల వేడి కొంత తగ్గుతుందని కూడా చెప్పండి.

మెసేజ్‌లో లేని అసలు చిక్కు ఇంకొకటుంది. ఫ్లాటు అద్దెకిచ్చి అమెరికాలోనో బెంగళూరులోనో ఉండే ఓనరు, "డబ్బు నేను పెడితే మెయింటెనెన్స్ తగ్గేది అద్దెకున్నవాళ్లకు కదా" అంటారు. న్యాయమైన మాటే. అందుకే తలా ఇంత వేసుకోమని పట్టుబట్టకుండా, కార్పస్ ఫండ్‌లోంచి (అసోసియేషన్ ఉమ్మడి నిధిలోంచి) తీసి, తగ్గిన బిల్లు మొత్తాన్ని నెలనెలా మళ్లీ అందులోనే జమ చేయడం మేలనిపిస్తుంది.

కరెంటు పోతే సోలార్ ఆగుతుందన్నది నిజం. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ అలాగే ఆగాలి. లేకపోతే మన ప్యానెళ్ల కరెంటు వీధి లైన్లోకి ఎక్కి, స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికి ముప్పు తెస్తుంది. కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడిపేందుకు ఇప్పుడున్న జనరేటరే ఉంటుంది. సోలార్ పెడుతున్నది బిల్లు తగ్గించుకోడానికి.

ఐదేళ్లకు తుక్కు అన్నది తేలిగ్గా తేలిపోయే మాట. ప్యానెళ్లు ఎంత కరెంటు ఇవ్వాలన్నదానికి కంపెనీలు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తాయి. ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను మధ్యలో మార్చాల్సి రావచ్చు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. దుమ్ము పట్టకుండా కడుగుతూ ఉండాలి.

మీ తర్వాతి మీటింగ్‌కి పన్నెండు నెలల కామన్ మీటర్ బిల్లులు పట్టుకెళ్లండి. ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు టెర్రస్ మీద నీడ ఎక్కడ పడుతోందో ఫోన్లో ఫొటోలు తీసి చూపించండి. మాట్లాడే మొదటి అవకాశం పైఫ్లోర్ వాళ్లకివ్వండి.