సీసాలో పట్టే ప్రశ్నలే అడిగితే ఎలా?

పేగుల్లోని సూక్ష్మజీవుల మీద పరిశోధన అంటే ఇప్పుడు విశ్వవిద్యాలయాల కంటే ముందు కంపెనీల పేర్లే గుర్తొస్తున్నాయి. టోక్యోలో, మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన పాల పానీయాన్ని సీసాల్లో అమ్మే యాకుల్ట్‌కు, లొసాన్‌లో నెస్లేకు సొంత పరిశోధన సంస్థలున్నాయి. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు వెంట ఐటీ కొలువుల్లో ఉన్న మన తెలుగువాళ్లు కూడా ఇంటికి పేగు సూక్ష్మజీవుల పరీక్ష కిట్టు తెప్పించుకుని, చెంచాడు మలం డబ్బాలో వేసి కొరియర్‌కి ఇచ్చేయవచ్చు. ఆ ప్రయోగశాలల్లో పనిచేసేవారి నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. అనుమానమంతా వాళ్లకు అప్పగించే ప్రశ్న మీదే. అమ్ముకోదగ్గ జవాబు రాదని తెలిశాక ఆ ప్రశ్న అక్కడ పుట్టదు.

ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. మలం బయటికొచ్చాక కూడా అందులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. మే నెల చెన్నై ఎండలో ఒక పూట ఉంచితే ఎషరీకియా లాంటివి పెరిగిపోతాయి, గాలి తగలకూడనివి చస్తాయి. అందుకే వెంటనే మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టించాలి, లేదా డీఎన్ఏని నిలబెట్టే ద్రవంలో కలపాలి. ఆ తర్వాత డీఎన్ఏ బయటికి వచ్చేలా బ్యాక్టీరియా కణాలను పగలగొట్టే పని. గోడ మందంగా ఉన్న బైఫిడోబ్యాక్టీరియం లాంటివి పగలాలంటే సన్నటి పూసలు వేసి యంత్రంలో గట్టిగా కుదపాలి. కుదుపు చాలకపోతే అవి తక్కువగా, గోడ పలచనైన బ్యాక్టీరాయిడ్స్ ఎక్కువగా కనబడతాయి. ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో చవకలో తేల్చాలనుకుంటే వాటన్నిటిలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువును చదువుతారు. దాని పొడవు సుమారు 1,500 డీఎన్ఏ అక్షరాలు, మామూలుగా చదివేది అందులో 460 దాకా. అంతమాత్రం చదివితే ఏ ప్రజాతి అన్నది చాలాసార్లు తేలుతుంది కానీ, అందులో ఏ రకం అన్నది తేలదు. పైగా వచ్చేవన్నీ శాతాలే. ఒకటి పెరిగితే, మిగతావాటి సంఖ్య మారకున్నా శాతం పడిపోతుంది. రసాయనాల్లోనే ఉండే డీఎన్ఏ కూడా లెక్కలో కలవకుండా, ప్రతి విడతలో నమూనా లేని ఖాళీ గొట్టం ఒకటి నడపాలి. ఒకే మలానికి రెండు ప్రయోగశాలలు రెండు జవాబులు చెప్పగలవు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2025లో అందరూ సరిచూసుకునేందుకు ఒక ప్రామాణిక మలం నమూనాను విడుదల చేసింది ఈ తిప్పల వల్లే.

ఇదంతా సరిగ్గా చేశారనుకుందాం. ఆ మనిషి ఏ మందులు వాడుతున్నాడో అడిగారా? షుగర్ రోగుల పేగుల్లో కనిపించిన మార్పుల్లో చాలా భాగం జబ్బువి కావనీ, వాళ్లు మింగే మెట్‌ఫార్మిన్ మాత్రవనీ 2015లో ఐరోపా శాస్త్రవేత్తలు చూపించారు. ఇంటికో షుగర్ మాత్రల డబ్బా ఉన్న మన దగ్గర ఈ ఒక్క ప్రశ్న వదిలేస్తే రిపోర్టు మొత్తం తప్పుదారి పట్టినట్టే. పోల్చేది ఎవరితోనన్నది ఇంకో సమస్య. బహిరంగంగా దొరికే మానవ సూక్ష్మజీవుల నమూనాల్లో 71 శాతానికి పైగా ఐరోపా, అమెరికా, కెనడాలవేననీ, మధ్య, దక్షిణ ఆసియాలవి రెండు శాతమైనా లేవనీ 2022లో ఒక లెక్క తేల్చింది. అన్నం, పప్పు, కూరగాయలు తినేవారి పేగుల్లో ప్రివొటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. దాన్ని అమెరికా సగటు పక్కన పెట్టి ‘సమతుల్యం తప్పింది’ అని రాస్తే అది వైద్యం కాదు.

కంపెనీలు లేకపోతే డబ్బు ఎవరు పెడతారని అడిగేవారి మాటలో నిజం ఉంది. కోల్‌కతా బస్తీల్లో 3,758 మంది చిన్నపిల్లలతో 12 వారాలు జరిగిన పరీక్షలో రోజుకో యాకుల్ట్ సీసా విరేచనాలను 14 శాతం తగ్గించింది. శ్రద్ధగా చేసిన పని అది. అయితే ఆ బస్తీ కుళాయి నీళ్ల ప్రశ్నను ఏ సీసా కంపెనీ భుజాన వేసుకుంటుంది?

మనకు దగ్గర్లోనే ఇంకో దారి ఉంది. తెలుగు జిల్లాల రోగులు రైలెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో కలరా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. మామూలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 50 గ్రాముల అరగని పిండిపదార్థం కలిపారు. చిన్నపేగు దాన్ని అరిగించలేదు. అది పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. పెద్దపేగు వాటిని పీల్చుకుంటూ ఉప్పునూ నీటినీ కూడా లోపలికి లాక్కుంటుంది. విరేచనాలు త్వరగా కట్టాయి. ఉన్న బ్యాక్టీరియాకే తిండి పెట్టారు తప్ప బయటినుంచి ఒక్కటి కూడా తెచ్చి పోయలేదు! ఒడిశా పల్లెల్లో అమెరికా ప్రభుత్వ నిధులతో నాలుగున్నర వేల మంది నవజాత శిశువులతో చేసిన పరీక్ష ఇంకా పెద్దది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియానూ దానికి తిండిగా ఒక చక్కెరనూ ఏడు రోజులు పట్టిస్తే రక్తవిషం (సెప్సిస్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. 2017లో వచ్చిన ఈ ఫలితం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చర్చకు రావాల్సింది.

చద్దన్నం విషయమూ అంతే. వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగని రూపానికి మారుతుంది, రాత్రంతా నీళ్లలో నానితే బ్యాక్టీరియా చేరి పులుస్తుంది. చెన్నై స్టాన్లీ ఆసుపత్రి వైద్యులు దీన్ని పేగుల జబ్బులకు పరీక్షించడానికి పూనుకున్నారు. ప్రభుత్వాసుపత్రి కాబట్టే సాధ్యమైంది. ఇడ్లీని మాత్రం ఈ జాబితాలో కలపకండి. పిండిని పొంగించిన ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా ఆవిరిలోనే చచ్చిపోతుంది.

ఇక సొత్తు ఎవరిదన్న మాట. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉన్నది చెన్నై తరమణిలోనే. 2002 చట్టం ప్రకారం విదేశీ సంస్థలు మన సూక్ష్మజీవులను పరిశోధనకో వ్యాపారానికో వాడుకోవాలంటే ముందు దాని అనుమతి తీసుకోవాలి. మనిషి జన్యు పదార్థం మాత్రం ఆ చట్టం పరిధిలో లేదు. మలం డబ్బాలో రెండూ కలిసే ఉంటాయి. అందుకే తరమణి నుంచి స్పష్టమైన ఆదేశం రావాలి. మన మనుషుల నుంచి వేరుచేసిన ప్రతి రకాన్నీ పుణెలోనో చండీగఢ్‌లోనో ఉన్న ప్రభుత్వ సూక్ష్మజీవుల భాండాగారంలో జమచేయాలి. పేర్లు తీసేసిన జన్యు వరసలను, మందుల వివరాలతో సహా, ఏ పరిశోధకుడైనా చూసేలా బయటపెట్టాలి. సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం ఆ మనిషి చదవగలిగే భాషలో, మనవాళ్లకైతే తెలుగులో ఉండాలి. ఈ మూడూ లేని ప్రాజెక్టుకు ఏ ఆసుపత్రి నైతిక కమిటీ కూడా ఆమోదముద్ర వేయకూడదు.